కాగునీళ్ల సారు, పచ్చ చెరువు

మే 20, 1962. ఆదివారం

చెరువు రంగు మారింది. పొద్దున కట్ట మీదికి పోయి చూసి, ముందు కళ్లద్దాలు తుడుచుకున్నాను. తుడిచినా అదే పచ్చ. కట్ట వారగా గోరింటాకు రుబ్బి పోసినట్టు చిక్కగా తేలుతోంది. నడిమధ్యన నీళ్లు మామూలుగానే ఉన్నాయి. గాలి ఎటు తోస్తే అటు చేరుతున్నట్టుంది. ముక్కు దగ్గర పెట్టుకోలేని కంపు.

సుద్దపల్లెలో బావులన్నీ ఉప్పే. తాగేదీ వండుకునేదీ ఈ చెరువు నీళ్లే. హెల్తు ఇన్‌స్పెక్టరుగా పోయిన సంవత్సరం కలరా భయానికి ఇల్లిల్లూ తిరిగి, ‘కాగబెట్టి తాగండి’ అని గొంతు పోయేదాకా అరిచి అలవాటు చేశాను. జమ్మలమడుగు తాలూకాలో నీళ్లు కాచుకుని తాగే పల్లె ఇదొక్కటేనని ప్రొద్దుటూరులో మా ఆఫీసరు నలుగురి ముందు అన్నాడు. అప్పటి నుంచి ఊరు నన్ను సీతాపతి అనడం మానేసి కాగునీళ్ల సారు అంటోంది. గౌరవంగానే అంటోందని నా అభిప్రాయం.

పచ్చగా ఉంటేనేం, కాచుకుంటే సరిపోతుంది. రేపు కొంచెం బ్లీచింగ్ పౌడరు కూడా వేయిస్తాను.

మే 22

పక్కింటి జానీబీ చెల్లెలికి పెళ్లయిన ఎన్నో ఏళ్లకు కొడుకు పుట్టిన సంగతి విన్నారా అని మా ఆవిడ విశాలాక్షి అడిగింది. విన్నానన్నాను. సాయంత్రం మళ్లీ అడిగింది. విన్నానన్నాను. అన్నం వడ్డిస్తూ మళ్లీ అడిగింది.

మే 24

చెరువు పచ్చగా ఉన్న వైపు నీళ్లు తాగిన గొర్రెలు సాయంత్రానికి కాళ్లు తన్నుకుని చచ్చాయి. కాపరి గుండెలు బాదుకుంటుంటే జమ్మలమడుగు నుంచి పశువుల డాక్టరు ఇనాయతుల్లా గారు సైకిలు మీద వచ్చారు. మద్రాసులో చదివిన మనిషి. గొర్రెను కోసి కాలేయం చూసి, లేచి చెరువు దగ్గరికి పోయి, ఒక కట్టెతో ఆ పచ్చదాన్ని ఎత్తి చూశారు.

“చూడండి సారూ. కట్టెతో లేపితే దారాల మాదిరి ఏలాడేది నాచు. దాంతో భయం లేదు. ఇదట్లా కాదు, పెయింటు మాదిరి కారిపోతాంది. ఈ జాతి పాచిలో విషముంటాది. అన్నిట్లో ఉండదు గానీ, దేంట్లో ఉండాదో చూస్తే చెప్పలేం. అందుకని అన్నిటికీ దూరంగా ఉండాల్సిందే.”

“కాగబెడితే?” అన్నాను.

“కాగబెడితే పురుగు సస్తాది. విషం యాడ సస్తాది? నీళ్లు ఇగిరి ఇంకా చిక్కనైతాది.”

ఇన్నాళ్ల నా ఉద్యోగమంతా ‘కాగబెట్టండి’ అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది.

“పోనీ బ్లీచింగ్ పౌడరు?”

“దాంతో పాచి పగిలి, లోపలుండే విషం గూడా నీళ్లలోకి దిగుతాది. ఏసినారా ఏంది?”

ఇంకా లేదన్నాను. అర మూట వేయించిన సంగతి పశువైద్యానికి సంబంధించింది కాదు.

తాగకూడదు, మునగకూడదు, గొడ్లను దింపకూడదు, ఆ చేపలు తినకూడదు, ఒంటికి తగిలితే మంచినీళ్లతో కడుక్కోవాలి. వానలొచ్చి చెరువు నిండితే అదే పోతుందట. జనం వింటారా అని అడిగితే ఆయన సైకిలెక్కుతూ నవ్వారు. “ఏమో సారూ. నా పేషెంట్లు గొడ్లు. తోలితే పోతాయి.”

మే 26

డప్పు వేయించి చాటించాను. రచ్చబండ దగ్గర నేనే నిలబడి చెప్పాను. దూదేకుల గఫూర్ ముందు వరసలో కూర్చున్నాడు. పరుపులు కుట్టేవాడు. పీర్ల పండగలో పెద్దపీరును మోసేది ఏటా అతనే కాబట్టి ఊళ్లో అతని మాటకు విలువెక్కువ.

“పోయినేడు కాగబెట్టుకోమంటివి. మా ఆడోళ్లు అడివిలో కంపంతా కొట్టుకొచ్చి కాగబెట్టిరి. ఈ ఏడు కాగబెట్టినా పనికిరాదంటావు. వచ్చేడు నీళ్లే వద్దంటావా సారూ?” అన్నాడు.

జనం నవ్వారు. విషం సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. గఫూర్ లేచి, పంచె బిగించి, చెరువు కట్టకు పోయి, పాచి లేని పక్కన దూకి, నడిచెరువు దాకా ఈది నీళ్లు పుక్కిలించి, బయటికొచ్చి నా ముందు నిలబడ్డాడు.

“ఏం కాలే” అన్నాడు.

ఏమీ కాలేదు. సాయంత్రం దాకా చూశాను. నడిమధ్యన పాచి లేదు గదా అని చెబుదామంటే వినడానికి అప్పటికి అక్కడ ఎవరూ లేరు.

మే 30

పొద్దున్నే పెన్న దాకా నడిస్తే ఒంటికి మంచిదని మొదలుపెట్టాను. ఒట్టి చేతులతో నడవడం దేనికని కావడి భుజాన వేసుకున్నాను. ఏటి ఇసుకలో చెలమ తోడితే తేట నీళ్లు ఊరుతున్నాయి. మా ఇంటికి ఇక అవే. ‘పాపం, సారుకు పెండ్లామంటే శానా భయం’ అని ఆడవాళ్లు అనుకుంటున్నట్టు వినిపించింది. ప్రచారం ఇలాగే మొదలవుతుంది. రేపటికి ఇంకో నాలుగు కావళ్లు నా వెంట వస్తాయి.

మే 31

ఒక్క కావడీ రాలేదు. భుజం వాచింది.

జూన్ 1

జానీబీ గోడ మీదుగా బిందె అందించి, “ఎట్లా పోతాండావు గదా సారూ, మాకూ ఒగటి తే” అంది. తెచ్చాను. మార్పు మొదలైందన్నమాట.

జూన్ 3

ప్రొద్దుటూరు పోయి మా ఆఫీసరును కలిశాను. సీసాలో నీళ్లు చూపించాను. రాత్రి కదపకుండా ఉంచితే పాచి అంతా పైకి తేలి మీగడ కట్టింది. ఆయన దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసి, పరీక్షకు పంపుదామన్నాడు. జవాబెప్పుడొస్తుందంటే రావాల్సినప్పుడు వస్తుందన్నాడు.

పీర్ల పండగ వస్తోంది, పదోనాడు ఊరంతా ఆ చెరువులో మునుగుతుంది, ఒక ఆర్డరు ఇప్పించండి అన్నాను. పండగల జోలికి పోతే గొడవలవుతాయని భయపడ్డాడు. “మీకెందుకయ్యా ఇదంతా? మీకు తెలిసిన పని మీరు చేయండి. కాచి తాగమనండి” అన్నాడు.

జూన్ 5

నిన్న నెలవంక కనబడింది. పీర్లను పెట్టె నుంచి తీసి తోమే పని మొదలైంది. గఫూర్ పది రోజులూ రెండు పూటలా చెరువులో మునగాలట. మోసేవాడికి అది నియమం. మునిగేది మెట్ల దగ్గర. పాచి మీగడంతా చేరేది కూడా ఆ మెట్ల దగ్గరే.

ఆ సంగతి ఇంట్లో చెబుతుంటే విశాలాక్షి కొంగు వేలికి చుట్టుకుంటూ, “నేనూ ఒగటి మొక్కుకున్న్యా” అంది.

“ఏమని?”

“పదోనాడు పీర్లు జలధికి పోతాయి గదా. పెద్దపీరు నీళ్లలో మునిగిన తావున మూడు దోసిళ్లు తాగుతానని. జానీబీ చెల్లెలు అట్లా తాగినాకనే కొడుకు పుట్టె. నూర్ అహ్మదని పేరు గూడా పెట్టుకున్న్యారు.”

“ఏ చెరువులో నీళ్లు తాగుతావు?”

“ఊరికి ఎన్ని చెరువులుండాయి?”

“విశాలాక్షీ, ఆ నీళ్లు తాగి గొర్రెలు చచ్చాయి.”

“గొర్రెలు మొక్కుకొని తాగినాయా?”

దీనికి జవాబు హెల్తు మాన్యువల్లో లేదు. నేను అరిచాను. ఆమె అంతకన్నా ఎక్కువ అరిచింది. పులివెందుల పిల్లతో గొంతుకు గొంతు పోటీ పెట్టుకోకూడదని పెళ్లయిన వారానికే తెలిసినా ఇంకా బుద్ధి రాలేదు. పెన్న నీళ్లు చెంబులో పట్టుకుని గట్టున నిలబడతాను, అవి తాగు అన్నాను. పీరు మునగని నీళ్లతో మొక్కు ఎట్లా తీరుతుందంది. గండి ఆంజనేయస్వామి దగ్గర పొర్లుదండాలు పెట్టినప్పుడు నేను నోరెత్తలేదని, ఇప్పుడు మాత్రం సైన్సు గుర్తొచ్చిందని దెప్పింది. తర్వాత ఏడ్చింది.

పద్నాలుగేళ్లుగా ఆమె ఏడ్చినప్పుడల్లా నేను ఏదో ఒక పని పెట్టుకుని బయటికి పోతున్నాను. ఇవాళ పోలేదు. నాకూ బిడ్డ కావాలి. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. ఇవాళ కూడా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బిడ్డకన్నా ముందు నాకు ఈమె కావాలి.

ఆ నీళ్లు తాగనివ్వను.

జూన్ 6

నిద్ర లేచేసరికి నా చేతికి ఎర్రనాడ కట్టి ఉంది. నా పేరున కూడా మొక్కిందట. పండగ అయ్యేదాకా నేను ఫకీరును. అయిదిళ్లలో అడుక్కుని ఆ గింజలతో వండుకుని తినాలి.

“నేను గవర్నమెంటు ఉద్యోగిని” అన్నాను.

“గవర్నమెంటోళ్లకు పిల్లోళ్లు వద్దా?” అంది.

పోయాను. ఎలాగూ ఇళ్లు తనిఖీ చేయాల్సిన వారం, రెండు పనులూ కలిసొస్తాయని పోయాను. జోలె పట్టుకుని ‘ఏ నీళ్లు వాడుతున్నారు?’ అని అడిగిన ఫకీరును ఈ ఊరు ఇంతకు ముందు చూసి ఉండదు. జానీబీ జొన్నలు పోసింది. గఫూర్ చాటెడు కొర్రలు పోసి, “కాగబెట్టుకొని తిను సారూ” అన్నాడు. అతని మెడ మీద ఎర్రగా దద్దుర్లు కనిపించాయి. అడిగితే ఉక్క అన్నాడు.

జూన్ 8

పీర్ల చావిడికి పోయి ముజావరు నూరుల్లా సాయిబు పక్కన కూర్చున్నాను. ఆయనే పీర్లకు పెద్ద. ఊదు వేస్తూ నా మాటంతా శ్రద్ధగా విన్నాడు. ఈ ఊళ్లో నా మాట చివరిదాకా విన్న మొదటి మనిషి.

“ఈ ఏడు పీర్లను చెరువుకు కాకుండా పెన్నకు తీసుకుపోండి సాయిబూ. అక్కడ తేట నీళ్లున్నాయి” అన్నాను.

“దారి మార్చే హక్కు నాకు ల్యా సారూ. మా జేజినాయన కాలం నుంచి గానుగ కాడ ఎడం పక్కకు తిరిగి చెరువుకే పోతాండాం. నేను మారిస్తే రేపు నా గెడ్డం పీకుతారు.”

“మరి ఎవరు మార్చాలి?”

“పీరే. మోసేటోని ఒంటి మీదికి సవారి వచ్చి పీరు యా పక్కకు తిరిగితే మేమంతా ఆ పక్కకు పోవాల్సిందే. ఆపేటందుకు పంచాయితీ ప్రెసిడెంటుకు గూడా అధికారం ల్యా.”

“ఎప్పుడైనా తిరిగిందా?”

“మా నాయన కాలంలో ఒగసారి ఎవురిదో కళ్లంలోకి దూరె.”

“ఎందుకు?”

“ఎందుకని అడిగేదానికి అది మీ ఆఫీసా సారూ?” అని ఇంకో చిటికెడు ఊదు వేశాడు.

జూన్ 9

విశాలాక్షితో మాటల్లేవు. చారులో ఉప్పూ లేదు.

జూన్ 10

చెరువు మెట్ల దగ్గర ‘ప్రమాదము’ అని బోర్డు నాటాను. సాయంత్రానికి దాని మీద ఎవరో పంచె ఆరేశారు.

జూన్ 12

గఫూర్ పడిపోయాడు. వాంతులు, కడుపునొప్పి, ఒంటి నిండా దద్దుర్లు. మంచం మీద వానపాములా మెలికలు తిరుగుతున్నాడు. నాకు జాలి వేసింది. జాలితో పాటు, ఇక ఊరు నమ్మి తీరుతుందన్న సంతోషం కూడా వేసింది. రాయకపోతే నిప్పులాంటి మనిషినని నాకు నేనే అనుకుంటాను కనుక రాస్తున్నాను.

ఊరు ఏమన్నదంటే, పండగ ముందర చెరువులో దూకి కాగునీళ్ల సారుతో ఎగతాళి ఆడినందుకు పీరుకు కోపమొచ్చిందట.

జమ్మలమడుగు ఆసుపత్రికి బండి కట్టించాను. పరుపు మీద పడుకోబెడుతుంటే గఫూర్ నా చెయ్యి పట్టి వంగమన్నాడు.

“సారూ, చెరువే” అన్నాడు చెవిలో.

“ఆ మాట అందరికీ వినబడేలా చెప్పు గఫూర్.”

“చెప్తే పీరును మోసేటోడు నీళ్లకు భయపడ్న్యాడంటారు. మా వంశం పరువేం గావాల?” అని గసపోసుకుంటూ లేచి కూర్చుని గట్టిగా అరిచాడు. “ఈసారి పెద్దపీరును కాగునీళ్ల సారు మోస్తాడు! ఫకీరైనాడు. దినామ్మూ పెన్న కాడి నుంచి కావడి మోస్తాండాడు. ఒంట్లో శక్తుండాది!”

జనం నా వైపు చూశారు. నూరుల్లా సాయిబు కూడా చూసి, గడ్డం నిమురుకుని, సరేనన్నాడు. నేను కాదనబోయాను. అప్పుడే గానుగ దగ్గర చీలే దారి కళ్లముందు మెదిలింది. ఎడమకు చెరువు, కుడికి పెన్న.

నోరు మూసుకున్నాను.

జూన్ 13

పెరట్లో చీపురుకట్టకు రెండు చెంబులు కట్టి ఎత్తుకుని నడిచి చూశాను. నాలుగడుగులు వేయడం, హఠాత్తుగా కుడికి తిరగడం. ఒంట్లో ఏదో ప్రవేశించినట్టు కనబడాలి గదా అని తల కూడా ఊపాను. మెడ పట్టేసింది. మళ్లీ తిరగబోతూ చూస్తే గోడకు ఆవల జానీబీ నోటి మీద చెయ్యి వేసుకుని నిలబడింది. గుమ్మంలో విశాలాక్షి.

“ఇంత భక్తి మనసులో పెట్టుకొని పైకి అట్లా అరుస్తాంటిరా?” అంది. కళ్లు తుడుచుకుంటూ నా కాళ్లకు దండం పెట్టింది. చారులో ఉప్పు వచ్చింది.

ఆమెకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు. మోసమా? కాదు. పామున్న గదిలోకి పోతున్న మనిషిని చెయ్యి పట్టి లాగితే మోసమంటారా?

నాకు ఏ భయమూ లేదు.

నేను కుడికి తిరిగినా జనం ఎడమకే పోతే? నేనొక్కడినే పీరుతో పెన్నలో నిలబడాలి. అప్పుడు ట్రాన్స్‌ఫరు పులివెందులకు అడగాలా, ఇంకా దూరమా?

జూన్ 14. గురువారం

అయిపోయింది. రేపు రాస్తాను.

జూన్ 15

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం ఎండలో చావిడి ముందు నా నడుముకు దట్టి కట్టి, పెద్దపీరును చేతికిచ్చారు. పట్టుగుడ్డలు, పూలదండలు, పైన వెండి పంజా. చీపురుకట్టకూ దీనికీ పోలికే లేదు. మొదటి అడుగుకే నడుము కలుక్కుమంది. డప్పులు, ఊదు పొగ, ‘హసేన్ హుసేన్’ అని కేకలు. ఇంటింటి ముందూ ఆపి కాళ్ల మీద బిందెలతో నీళ్లు పోశారు. కొన్ని చెరువువే. ఇంటికి పోగానే మంచినీళ్లతో కడుక్కోవాలని గుర్తు పెట్టుకున్నాను. అంత స్పృహలో ఉన్నాను నేను. ఇది ముఖ్యం.

ఊరి బయటికి వచ్చాం. ముందు పిల్లలు, చంకల్లో పసిబిడ్డలతో తల్లులు. చెరువు నుంచి గాలికి ఆ కంపు వస్తోంది. విశాలాక్షి నా కుడి పక్కనే, తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, కొత్తపెళ్లికూతురి మొహంతో నడుస్తోంది. ఈ మనిషి ఇంకో అరగంటలో ఆ పచ్చమీగడ తోసి మూడు దోసిళ్లు తాగుతుంది. నాకు ఏడుపొచ్చింది. చెమట అనుకున్నారు.

గానుగ వచ్చింది. డప్పులు ఎడమకు తిరిగాయి. నేను అనుకున్న ప్రకారం తల ఊపాను. అనుకున్న ప్రకారం కుడి కాలు కుడికి వేశాను. జనం ఆగారు. ఎవరో “దారి అది కాదు సారూ, ఈ పక్క, ఈ పక్క” అన్నారు. ఇంకెవరో నా భుజం పట్టుకుని ఎడమకు తిప్పబోయారు. అయిపోయింది, పరువు పోయింది అనుకున్నాను. అప్పుడు నూరుల్లా సాయిబు గొంతు వినిపించింది.

“చెయ్యి తియ్! ముట్టొద్దు! సవారి వచ్చిండాది!”

తర్వాతది పెన్న. మోకాలి దాకా ఇసుక, చుట్టూ ఊరు ఊరంతా రొప్పుతూ నిలబడి ఉంది.

గానుగకూ పెన్నకూ మధ్యలో కంపచెట్ల మిట్ట ఉంది. దాన్ని చుట్టి పోయే బండిదారి ఉంది. దారిన రాలేదట నేను, చెప్పుల్లేని కాళ్లతో కంపలో పడి పరుగెత్తానట. వెనక పరుగెత్తలేక డప్పుల వాళ్లు సగం దారిలో కూలబడ్డారట. నేను నడవలేని బరువుతో నేను పరుగెత్తానట! నాకు ఆ మిట్ట గుర్తు లేదు.

ఎండదెబ్బ. ఊదు పొగ ఎక్కువైతే తల తిరుగుతుంది. పొద్దుట్నుంచి ఉపవాసం. వైద్యశాస్త్రం ప్రకారం ఇవి చాలు. నేను తిప్పాలనుకున్నాను, తిప్పాను. నాకు ఏమీ పూనలేదు.

చెలమ పెద్దది చేసి తోడారు. నీళ్లు చల్లగా, తేటగా ఊరాయి. పీర్లను కడిగారు. తల్లులు పసిబిడ్డల్ని తడిపారు. విశాలాక్షి ముందుకొచ్చి, పెద్దపీరు పాదం మునిగిన చోట వంగి, మొదటి దోసిలి తాగింది. రెండోది తాగింది. మూడోది తాగి నా వైపు చూసింది. ఈ ఎండాకాలంలో నేను ఊపిరి పూర్తిగా వదిలింది అప్పుడే.

ఇంటికి పోతుంటే నూరుల్లా సాయిబు నా పక్కన నడిచాడు. “సాయిబూ, నిజం చెప్పండి. సవారి వచ్చిందని మీరెలా అనుకున్నారు? నా తల ఊపడం చూసేనా?” అని మెల్లగా అడిగాను.

“మీ తల ఊపుడు చూస్తే ఎవురూ నమ్మరు సారూ” అన్నాడు. “ఆ తర్వాత చూసి అన్న్యా.”

ఆ తర్వాత ఏం చూశాడో చెప్పలేదు. అడగాలని కూడా అనిపించలేదు.

ఇవాళ పొద్దంతా విశాలాక్షి పిన్నీసుతో నా కాళ్లలో ముళ్లు తీసింది.

జూన్ 16

నాకు ఏమీ పూనలేదు.

జూన్ 17

చెరువు దగ్గర పురుగు కూడా లేదు. ‘పీరొద్దన్న నీళ్లు’ అంటున్నారు. బట్టలుతికే వాళ్లు కూడా మెట్లు దిగడం లేదు, బర్రెల్ని తోలడం లేదు. పెన్నకు బళ్లు కట్టి పీపాలతో నీళ్లు తెచ్చుకుంటున్నారు. ప్రెసిడెంటు ఇంటి వాళ్లయితే ఆ చేపల వైపు చూడను కూడా చూడడం లేదు. నేను డప్పేసి, బోర్డు పెట్టి, కట్టెతో లేపి చూపిస్తే కానిది ఒక్క పరుగుతో అయింది. మంచిదే. కానీ ఆ పరుగు నాదని ఒక్కడూ అనడం లేదు.

ఇనాయతుల్లా గారు గొడ్లను చూడ్డానికి వచ్చి, గఫూర్ కోలుకుంటున్నాడని కబురు చెప్పారు. “ఏం మంత్రమేసినారు సారూ?” అని అడిగారు. నిరంతర ప్రచారం అన్నాను. ఆయన నా కాళ్ల కట్లు చూసి, నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నారు.

ప్రొద్దుటూరు రిపోర్టులో కూడా అదే రాశాను. ఇంకేం రాయను? పీరు పూని ఇన్‌స్పెక్టరు పరుగెత్తెననా?

జూన్ 18. సోమవారం

పొద్దున విశాలాక్షి నా ముందు పీట వేసుకుని కూర్చుంది. పనిలేక కూర్చునే మనిషి కాదు.

“ఏమండీ, నిజం చెప్పాల. నా మీద ఒట్టు. గానుగ కాడ పీరు తిరిగిండెనా, మీరు తిప్పినారా?”

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

“ఎందుకు అడుగుతున్నావు?”

“ఊరికే కాదు. ఆ చీపురుకట్ట సంగతి ఆలోచిస్తాంటే మనసులో పురుగు తొలుస్తాంది. పీరు తిరిగింటే నేను తాగింది మొక్కునీళ్లు. మీరు తిప్పింటే ఉత్త ఏటినీళ్లు. అంతే గదా.”

ఎండాకాలమంతా నేను ఒక్క మాట కోసం చచ్చాను. సీతాపతి చెప్పింది నిజం, సీతాపతి ఊరిని కాపాడాడు అని ఎవరో ఒకరు అనాలని. ఆ మాట అనగల మనిషి ఇప్పుడు ఎదురుగా కూర్చుని, అడిగి మరీ అవకాశమిచ్చింది. చీపురుకట్టతో సాధన చేశాను, ప్లాను వేశాను, నిన్ను ఆ విషం తాగనివ్వకూడదని చేశాను అని చెప్పొచ్చు. అంతా నిజమే. కంపచెట్ల మిట్ట వరకు నిజం.

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నా నోటి వైపే చూస్తోంది. ఆ చేతులు చూశాక నాకు ఇంకేమీ తోచలేదు.

“పీరే తిరిగింది” అన్నాను. “నేను ఎడమకే పోదామనుకున్నాను. నా చేతుల్లో లేదు.”

ఒట్టు తప్పానో లేదో నాకు తెలియదు.

ఆమె కొంగుతో కళ్లు అద్దుకుని, లేచి, నా గ్లాసులో ఇంకొంచెం కాఫీ పోసి వంటింట్లోకి పోయింది. కాసేపటికి రోలు దగ్గర పాట వినిపించింది. చాలా ఏళ్ల తర్వాత విన్న పాట.

చెరువులో విషముందన్నాను, నమ్మలేదు. కాచినా పోదన్నాను, నమ్మలేదు. పెళ్లయిన నాటి నుంచి నేను చెప్పిన మాటను విశాలాక్షి ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మడం ఇదే మొదటిసారి.